మూడు రంగులు చాలు!

చెన్నై–తిరుపతి రోడ్డు మీద గాజుపూసలది రెండు వేల ఏళ్ల ప్రయాణం. డబ్బా నిండా అరవై రంగులు పెట్టుకుని, ఏది దేని పక్కన గుచ్చాలో తేలక తికమకపడేవాళ్లకు ఆ దారిలోనే బోలెడు పాఠాలు దొరుకుతాయి.

యాత్రల కాలంలో కనకమ్మ సత్రం రోడ్డు పక్కన కాసేపు నిలబడితే, ఎవరు ఏ దేవుడి దగ్గరకు పోతున్నారో అడక్కుండానే తెలిసిపోతుంది. పసుపు బట్టలు కట్టుకుని కాలినడకన సాగేవాళ్లు తిరుమలకు. నల్ల పంచెలు శబరిమల దీక్షలోవి. ఎర్రచీరల గుంపు మేల్‌మరువత్తూరు ఆదిపరాశక్తి భక్తులది. సుబ్రహ్మణ్యుడి ఆడికృత్తిక వచ్చిందంటే భుజాల మీద పూలకావడులతో జనమంతా తిరుత్తణి వైపే. బట్టల రంగుతో పాటే మెడలో మాలలూ మారుతుంటాయి. తులసి, రుద్రాక్ష, స్ఫటికం, ఈమధ్య మోజు బాగా పెరిగిన కరుంగాలి చెక్క నల్లపూసలు.

పేరులోనే సత్రాన్ని మోస్తున్న ఈ ఊరు తిరువళ్లూరు, తిరుత్తణి పట్టణాల నడుమ ఉంది. 1960 ఏప్రిల్ 1 దాకా తిరుత్తణి తాలూకా మన చిత్తూరు జిల్లాలోదే. సరిహద్దు జరిగింది కానీ ఇళ్లలో తెలుగు అలాగే ఉంది. ఒకే వీధిలో ఒకావిడ మెడలో నల్లపూసలు, పక్కింటావిడ మెడలో పసుపుతాడు తాళి కనిపిస్తాయి. రెండు భాషలతో పాటు రెండు రంగుల అలవాట్లు కూడా కలిసి కాపురం చేసే చోటు ఇది. పూసల నగకు రంగులు ఎంచుకోవడం గురించి మాట్లాడాలంటే ఇంతకన్నా మంచి మజిలీ నాకు తట్టలేదు.

ఒకప్పుడు గుమ్మానికి పూసల తోరణాలు, గోడకు పూసల చిలకలు, కూరగాయలకు వైరు బుట్టలు అల్లిన చేతులే ఇప్పుడు జుంకాలు, చోకర్లు, చేతి పట్టీలు అల్లుతున్నాయి. చెన్నై జార్జిటౌన్ వీధుల్లో సరుకు కొని లోకల్ రైల్లో తెచ్చుకునేవాళ్లు కొందరు, ఫోన్‌లో తెప్పించుకునేవాళ్లు మరికొందరు. ముడి వేయడం, గేర్ వైరు బిగించడం, కొక్కెం పెట్టడం నేర్పే వీడియోలకు కొదవ లేదు. తంటా అంతా రంగు దగ్గరే. డబ్బా మూత తీయగానే అన్నీ బాగున్నట్టే ఉంటాయి. అన్నీ కలిపి గుచ్చితే జాతరలో కొన్న పిల్లల దండ తయారవుతుంది. కష్టమంతా పోసి చేసిన నగ ఎందుకు చవగ్గా కనిపిస్తోందో చేసినవాళ్లకే అర్థం కాదు.

చాలాసార్లు కారణం ఒకటే. రంగులు ఎక్కువైపోయాయి.

కొలిమి ఇచ్చినన్ని రంగులే

ఇదే రోడ్డు పట్టుకుని తిరుత్తణి, నగరి, పుత్తూరు దాటి రేణిగుంట చేరి, శ్రీకాళహస్తి వైపు మళ్లితే ఏర్పేడు దగ్గర పాపానాయుడుపేట ఉంది. గుడిమల్లం శివలింగాన్ని చూడబోయేవాళ్లలో చాలామంది ఈ ఊరు దాటే పోతారు, కానీ ఆగరు. ఆగాల్సిన ఊరు. గాజుపూసల చరిత్ర రాసిన అమెరికా పరిశోధకుడు పీటర్ ఫ్రాన్సిస్ జూనియర్ ఈ ఊరికి పెద్దపీట వేశాడు. పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో క్రీస్తుకు ముందే మొదలైన పూసల పద్ధతి, ఇరవయ్యో శతాబ్దం చివరి దాకా పాపానాయుడుపేట కొలుముల్లో బతికే ఉందని లోకానికి చెప్పినవాళ్లలో ఆయన ఒకడు. ఆసియా సముద్ర వ్యాపారంలో పూసల గురించి 2002లో వచ్చిన ఆయన పుస్తకంలో ఆ సంగతులన్నీ ఉన్నాయి.

ఆ పద్ధతి తెలుసుకుంటే చేతిలోని సన్నపూస మీద గౌరవం పెరుగుతుంది. కరిగిన గాజును లాడా అనే పొడవాటి ఇనుప గొట్టానికి పట్టించి, దొర్లించి, మొన తేలిన పెద్ద ముద్దగా చేస్తారు. గొట్టం లోపలి నుంచి ఊచ పోనిచ్చి ముద్దకు బెజ్జం పెడతారు. కొలిమికి అవతలి కిటికీ దగ్గరున్న పనివాడు దాని కొసను కొక్కెంతో అందుకుని లాగడం మొదలుపెడితే, నడుమ బెజ్జంతో సన్నటి గాజు గొట్టం గంటలకొద్దీ సాగి వస్తూనే ఉంటుంది. దాన్ని పుల్లలుగా తెంచి, ఉలి అంచు మీద పూసలుగా తరుగుతారు. తరిగిన పూసల అంచులు పదునుగా ఉంటాయి కాబట్టి బూడిదలో కలిపి మళ్లీ వేడి చేస్తారు. బూడిద బెజ్జాల్లో దూరి అవి మూసుకుపోకుండా కాపాడుతుంది, వేడికి అంచులు గుండ్రబడతాయి. ఆ తర్వాత జల్లెడ పట్టి, సైజులు వేరు చేసి, సరాలు గుచ్చుతారు.

మన లెక్కకు ముఖ్యమైనది రంగు. పాతకాలం పూసలవాళ్లకు రంగుల డబ్బా లేదు. లోహాలు ఇచ్చిన రంగులే రంగులు. రాగిని గాలి ఆడని మంటలో కాలిస్తే ఇటుక ఎరుపు. అదే రాగికి గాలి తగిలితే నీలం, పచ్చ. కోబాల్టు వేస్తే ముదురు నీలం. సీసం, తగరం కలిస్తే పసుపు. మాంగనీసుతో ఊదా. ఇనుము ఎక్కువైతే నలుపు. ఇండో–పసిఫిక్ పూసలని చరిత్రకారులు పిలిచే ఈ సన్నపూసల రంగులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ కాసిన్ని రంగులతోనే అవి అటు థాయ్‌లాండ్, వియత్నాం తీరాలకూ, ఇటు దక్షిణాఫ్రికాలోని మపుంగుబ్వే దాకా వెళ్లాయి. తిమోర్ వైపు దీవుల్లో ముటిసలా అని పిలిచే ఇటుకరంగు పూసల దండలు పెళ్లిలో కన్యాశుల్కంగా చేతులు మారేవి. తరతరాలుగా దాచుకున్న ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి.

అంత దూరం పోనక్కర్లేదు. తిరువళ్లూరు నుంచి కనకమ్మ సత్రం వచ్చే ఈ దారిలోనే పట్టరైపెరుంబుదూరు ఉంది. తమిళనాడు పురావస్తు శాఖ అక్కడ తవ్వితే మట్టి వరల బావి, ఇనుప పనిముట్లతో పాటు గాజుపూసలూ బయటపడ్డాయి. ఈ నేల మీద ఎవరో ఒకావిడ రెండు వేల ఏళ్ల కిందటే పూసలు గుచ్చుకుని మెడలో వేసుకుంది. ఆవిడ ముందు ఐదారు రంగుల కుప్పలు మాత్రమే ఉండి ఉంటాయి. మన డబ్బాలో అరవై ఉన్నాయి కాబట్టి మనకు ఆమె కన్నా తెలివి ఎక్కువేమీ కాదు. పని ఎక్కువ, అంతే. మిగతా యాభైకి పైగా రంగుల్ని పక్కన పెట్టే పని.

నల్లపూసల లెక్క

తెలుగింటి నల్లపూసల గొలుసును ఒకసారి పరాయివాళ్ల కళ్లతో చూడండి. గొలుసు పొడవునా నలుపు. మధ్యమధ్య చిన్న బంగారు గుండ్లు. సూత్రాల దగ్గర ఒకటో రెండో పగడాలు, వీలుంటే ముత్యం. నలుపు బోలెడు, బంగారం కొంచెం, ఎరుపు చుక్క. గదులకు రంగులు వేసే డిజైనర్లు అరవై, ముప్పై, పది అని ఒక సూత్రం చెబుతుంటారు. మన పెద్దవాళ్లు ఆ అంకెలు వినకుండానే అంతకన్నా ధైర్యమైన లెక్క వేశారు. ఎరుపు పది పాళ్లు కూడా లేదు. అందుకే అది కనిపిస్తుంది. అదే గొలుసులో నలుపు, బంగారం, పగడం మూడూ సమానంగా గుచ్చి చూడండి. పగడం మీద నుంచి చూపు జారిపోతుంది.

నగ ఏదైనా ముందు ఒక పెద్ద రంగు ఉండాలి. దానికి తోడు మరో రంగు. మూడోది పోపులో ఇంగువంత. ఈ మూడింటిలో బంగారు, వెండి పూసల రంగును కూడా లెక్కలోకి తీసుకోవాలి. చాలామంది మరచిపోయేది ఇక్కడే. కొక్కెం, జంప్ రింగు, మధ్యలో వేసే స్పేసర్ ఇవన్నీ లోహపు రంగులే. పసుపు బంగారం, మాసిన పాతబంగారం, వెండి, గులాబీ బంగారం వీటిలో ఒక నగకు ఒకటే పెట్టుకోండి. పైన మెరిసే బంగారు గుండ్లు వేసి, వెనకాల తెల్ల కొక్కెం తగిలిస్తే ఎంత మంచి రంగులైనా అతుకుల బొంతలా తేలిపోతాయి.

కెంపు, పచ్చ, ముత్యం

కనకమ్మ సత్రానికి దగ్గర్లోనే తిరువాలంగాడు. నటరాజు నాట్యమాడిన ఐదు సభల్లో రత్నసభ అదే. చిదంబరం కనకసభ, మదురై రజతసభ, తిరునల్వేలి తామ్రసభ, కుట్రాలం చిత్రసభ. కాళితో శివుడు పోటీపడి నాట్యమాడింది ఇక్కడేనని స్థలపురాణం. కారైక్కాల్ అమ్మైయార్ చివరి రోజులు గడిపిందీ ఇక్కడేనంటారు. నాట్యం అనగానే గుర్తొచ్చేవి కెంపు నగలు. నాట్యకత్తెలు వేసుకునే తలసామాను, జడబిళ్లలు, అడ్డిగ అన్నిటిలో ఉన్నవి నాలుగే రంగులు: కెంపు ఎరుపు, పచ్చరాళ్ల ఆకుపచ్చ, తెల్లముత్యం, బంగారం.

రంగుల చక్రంలో ఎరుపు, ఆకుపచ్చ ఒకదానికొకటి ఎదురు రంగులు. పక్కపక్కన సమానంగా పెడితే కొట్టుకుంటాయి. కెంపు నగల్లో అవి ఎందుకు కొట్టుకోవంటే మూడు కారణాలున్నాయి. ఎరుపుదే పైచేయి, పచ్చ అక్కడక్కడా ఉంటుంది. ప్రతి రాయి చుట్టూ బంగారు అంచు ఉండి రెండింటినీ విడదీస్తుంది. అంచున వేలాడే ముత్యాలు చూపుకు కాస్త విశ్రాంతినిస్తాయి. పూసలతో పని చేసేవాళ్లు ఈ కిటుకును ఉన్నదున్నట్టు తీసుకోవచ్చు. ఎదురెదురు రంగులు కలపాలనుకుంటే మధ్యలో ఒక బంగారు సన్నపూసో, ఒక తెల్లపూసో అడ్డం పెట్టండి.

రంగులు వెతుక్కోవడానికి ఫోన్‌లో దొరికే రెడీమేడ్ రంగుల పట్టీల కన్నా ఇలాంటివాటి మీదే నాకు ఎక్కువ నమ్మకం. తెర మీది రంగు వెలుగుతో చేసింది, పూస రంగు గాజుతో చేసింది. తెర మీద లేత పిస్తా, పీచ్, లావెండర్ మూడూ ముద్దొస్తాయి. చామనచాయ మెడ మీద అవే మూడూ పిండి చల్లినట్టుంటాయి. లేత రంగులు వేసుకోకూడదని కాదు. వాటి మధ్య ఒక ముదురు రంగు, వంగపండో, నేరేడో, చింతపిక్కో ఉంటే అవి నిలబడతాయి. ఈ ముక్క చెప్పని పట్టీలు ఎన్ని వేలుంటే ఏం లాభం?

చుట్టుపక్కల చూస్తే ఎన్ని జతలు కావాలంటే అన్ని. కదంబం దండలో మల్లె తెలుపు, కనకాంబరం, మరువం పచ్చ, ఎక్కడో ఒక గులాబీ రేకు. గుడి గోడల మీద సున్నం చారలు, కావి చారలు. కాంచీపురం ఇక్కడికి దూరమేమీ కాదు. అక్కడి పట్టుచీరల ఒంటికీ అంచుకూ వేసే రంగులు తరాలుగా పరీక్షకు నిలిచిన జతలే. మామిడిపండు రంగు ఒంటికి అరక్కు (లక్క ఎరుపు) అంచు, నెమలికంఠానికి వాడామల్లి ఊదా, ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పేరు మీద నిలిచిపోయిన ఎం.ఎస్. బ్లూకు పండుమిరప ఎరుపు. ఒక చీర తీసుకోండి. ఒంటి రంగు పెద్ద రంగు, అంచు రెండోది, జరీ మూడోది. సగం పని అయిపోయినట్టే.

కాకపోతే ఒక తిరకాసుంది. అదే చీర మీద వేసుకోవడానికైతే చీర ఒంటి రంగునే పెద్ద రంగుగా తీసుకోకండి. దండ చీరలో కలిసిపోతుంది. అప్పుడు అంచు రంగును దండకు పెద్ద రంగుగా చేయాలి. ‘మ్యాచింగ్’ అంటే అచ్చం అదే రంగు అనే పట్టుదల మన దగ్గర మరీ ఎక్కువ. గాజులకు అది నడుస్తుంది, మెడలో దండకు నడవదు.

పక్క పూస చేసే మాయ

పంతొమ్మిదో శతాబ్దంలో పారిస్‌లో గోబ్లా అనే ప్రసిద్ధ తివాచీల కార్ఖానా ఉండేది. అక్కడ అద్దకం విభాగానికి మిషెల్ షెవ్రెల్ అనే రసాయన శాస్త్రవేత్త పెద్ద. నల్ల ఉన్ని సరిగా నల్లగా లేదని ఫిర్యాదులు వచ్చాయి. పరీక్షించి చూస్తే రంగులో లోపం లేదు. ఆ నల్లదారాన్ని నీలం, ఊదా దారాల పక్కన నేయడం వల్ల వెలిసినట్టు కనిపిస్తోంది. ఈ గుట్టు పట్టుకుని ఆయన 1839లో పెద్ద పుస్తకమే రాశాడు. ఏ రంగైనా తన పక్కనున్న రంగుకు ఎదురు రంగు వైపు కాస్త జరిగినట్టు కంటికి కనిపిస్తుందన్నది ఆయన తేల్చిన సంగతి. బూడిదరంగు పూసను ఎర్రపూసల మధ్య గుచ్చితే పచ్చగా, పచ్చపూసల మధ్య గుచ్చితే ఎర్రగా తోస్తుంది. డబ్బాలో విడిగా చూసి ఎంచుకున్న రంగు దండలోకి వచ్చాక మారిపోయిందంటే షాపువాణ్ని తిట్టుకోవద్దు.

సన్నపూసలతో ఇంకో చిక్కుంది. రెండు మిల్లీమీటర్ల పూసలు దగ్గర నుంచి విడివిడిగా కనిపిస్తాయి. బాగా వెనక్కి వెళ్తే కళ్లు వాటిని కలిపేసుకుంటాయి. ఎరుపు, పచ్చ ఒకటి విడిచి ఒకటి గుచ్చిన చేతిపట్టీ దూరానికి కాఫీపొడి రంగులో కనిపిస్తుంది. ఆ ఎరుపు, ఆ పచ్చ ఎటుపోయాయో తెలియదు. రంగు రంగుగా నిలవాలంటే పూసల్ని గుంపుగా పెట్టాలి. ఐదారు ఎర్రపూసలు, తర్వాత బంగారు పూస, తర్వాత పచ్చవి. పెద్ద పూసలకు ఈ బాధ లేదు.

అంచేత దండ మొత్తం గుచ్చే ముందు నాలుగు వేళ్ల పొడవు ముక్క చేసి చూడాలి. దాన్ని గోడకు తగిలించి గది అవతలి నుంచి చూడండి. ఫోన్‌తో ఒక ఫొటో తీసి దాన్ని నలుపు–తెలుపులోకి మార్చండి. అన్ని పూసలూ ఒకే బూడిదరంగులో కలిసిపోతే మీ డిజైను ఎవరికీ కనిపించదు. రంగులు వేరైనా వాటి ముదురుదనం ఒక్కటే అయిపోయిందన్నమాట. ఒక రంగును రెండు మెట్లు ముదురు చేయండి, చాలు. రంగుల చక్రం బొమ్మలు వంద చూసినదానికన్నా ఈ ఒక్క పరీక్ష ఎక్కువ పనికొస్తుందని నా అభిప్రాయం.

వెలుతురు సంగతి సరేసరి. తెల్ల ట్యూబ్‌లైటు కింద ఎంచిన నీలం, పెళ్లిమండపం పసుపు దీపాల కింద నల్లబడుతుంది. పగలు వాకిట్లో ఒకసారి, రాత్రి దీపం కింద ఒకసారి చూసి తేల్చుకోవాలి. ఆ చూడ్డం కూడా తెల్ల బల్ల మీద కాదు. మెడలో దండకు పైన ఒళ్లు, కింద బట్ట ఉంటాయి. ముంజేతి లోపలి వైపు సరాన్ని పరిచి చూడండి, తర్వాత చీర మీద పెట్టి చూడండి. రెండు చోట్లా నిలిచిందే మంచి జత.

మెరుపూ ఒక రంగే

ఒకే ఎరుపులో మెరుపు లేనివి, గాజులా మెరిసేవి, వెలుతురు అటునుంచి ఇటు పారేవి, లోపల వెండిపూత ఉన్నవి, పైన ఇంద్రధనుస్సు పూత పూసినవి దొరుకుతాయి. కంటికి ఇవి ఐదు వేర్వేరు రంగుల కింద లెక్క. మూడు రంగులే పెట్టుకున్నామని సంతోషపడుతూ, ఒక్కోదానిలో మూడు మెరుపులు కలిపితే తొమ్మిదవుతాయి. దీన్నే తిప్పి వాడుకోవచ్చు. ఒకే రంగులో మెరుపు లేని పూసలు ఎక్కువ, మెరుపు పూసలు తక్కువ వేసి చేసిన దండకు రెండో రంగే అక్కర్లేదు. నాకు తెలిసి కొత్తగా నేర్చుకునేవాళ్లకు అన్నిటికన్నా తేలికగా కుదిరేది ఇదే, కానీ మొదటి దండకు దీన్ని ఎంచుకునేవాళ్లు అరుదు.

వెలుతురు పారే పూసలకు దారం రంగు అంటుకుంటుంది. పసుపు పూసను తెల్లదారంతో గుచ్చితే నిమ్మపండు, ఎర్రదారంతో గుచ్చితే నారింజ. నల్లదారం వేస్తే మాసిపోతుంది. కొత్త పూసలు కొనకుండా కొత్త రంగు తెచ్చుకునే మార్గాల్లో ఇదొకటి.

పూత పూసిన పూసల దగ్గర జాగ్రత్త పడాలి. గాజులోనే రంగున్న పూస వందల ఏళ్లు మట్టిలో ఉన్నా చాలావరకు మారదని తవ్వకాలు చూపిస్తున్నాయి. పైన రంగు అద్దినవి, లోహపు పూత వేసినవి అలా కాదు. మన ఎండకు, చెమటకు, అత్తరుకు వెలుస్తాయి. కొన్నవాటిలో కొన్నింటిని తడి తెల్లగుడ్డతో గట్టిగా రుద్ది చూడండి. సగం సరాన్ని కిటికీ ఎండలో, సగం బీరువాలో కొన్ని వారాలుంచి పక్కపక్కన పెట్టి పోల్చండి. ముఖ్యంగా ముదురు గులాబీ, ఊదా రంగుల్ని పరీక్షించకుండా డబ్బు తీసుకుని అమ్మే నగలో వేయకండి.

కొనేవాళ్ల ఊరు

అన్వేషకుడు లివింగ్‌స్టన్‌ను వెతుక్కుంటూ 1871లో జాంజిబార్ నుంచి ఆఫ్రికా లోపలికి బయల్దేరిన విలేకరి స్టాన్లీకి బాగా తలనొప్పి తెచ్చినవి పూసల రంగులు. దారిలో తిండికి, కూలికి డబ్బు బదులు పూసలూ చెల్లేవి. ఉగోగో అనే ప్రాంతంలో నల్లపూసలు చెల్లుతాయి, మిగతాచోట్ల ఎవరూ ముట్టుకోరు. ఒకచోట ఆదరించే తెల్లపూసల్ని ఇంకోచోట ఛీ కొడతారు. ఏ రంగు ఎన్ని మూటలు తీసుకెళ్లాలో లెక్క తప్పితే ఆ మూటలన్నీ దండగ. తన ప్రయాణం గురించి రాసిన పుస్తకంలో ఆయనే ఈ గోలంతా పూసగుచ్చినట్టు చెప్పుకొచ్చాడు.

తిరుత్తణి కొండ కింద మాలలు అమ్మేవాళ్లకు ఈ లెక్క కొట్టినపిండి. ఆ మాలలమ్మే నరికురవల్నే మన వైపు నక్కలవాళ్లంటాం. ఒకప్పుడు వేట వాళ్ల వృత్తి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత పూసల వ్యాపారమే ప్రధాన ఆధారమైంది. ఆంధ్రప్రదేశ్‌లో వాళ్లు ఎస్టీ జాబితాలో చేరి చాలా కాలమైంది. తమిళనాడులో మాత్రం దశాబ్దాలు అడిగాక 2022 డిసెంబరులో గానీ పార్లమెంటు ఆమోదం దొరకలేదు. గుళ్ల దగ్గర, తిరునాళ్లలో, బస్టాండుల్లో వాళ్ల ఆడవాళ్లు కూర్చుని గుచ్చే పాసిమణి (గాజుపూసల) దండల రంగులు చూడండి. చిక్కటి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, తెలుపు, నలుపు. వెలుతురు పారని గట్టి రంగులే ఎక్కువ. దండలో రెండు మూడు రంగులుంటాయి, గుంపులు గుంపులుగా. ఎర్రటి ఎండలో, జనంలో, పది అడుగుల దూరం నుంచి ఆ దండ పిలుస్తుంది. షెవ్రెల్ చెప్పిందీ, నేను పైన రాసిందీ అంతా ఆ అల్లికలో ఉంది. డిజైనర్లమని చెప్పుకునేవాళ్లు ఆ దండల్ని వందలు, వేలకు ‘ట్రైబల్’ పేరుతో అమ్ముకుంటూ, మెట్ల దగ్గర కూర్చున్న ఆవిడతో పదిరూపాయల కోసం బేరమాడటం చూస్తే మాత్రం ఒళ్లు మండుతుంది.

మీరు అమ్మడానికి చేస్తుంటే మీ కొనుగోలుదారు ఎవరో ముందు తేల్చుకోండి. పెళ్లికి వెళ్లేవాళ్లకు నలుపు ఎక్కువున్న దండ చూపిస్తే చాలా ఇళ్లలో పెద్దవాళ్లు మొహం చిట్లిస్తారు. నల్లపూసలంటే మంగళం, పూర్తిగా నల్లదండంటే అమంగళం. ఇందులో తర్కం వెతకొద్దు. కాలేజీ పిల్లలకు అదే నల్లదండ మీద మోజు. ఆఫీసుకు వెళ్లేవాళ్లకు నాలుగు చీరల మీదికి సరిపోయే తేనె రంగు, ఇటుక రంగు, పాతబంగారం కావాలి. నలుగురికీ నచ్చాలని అన్ని రంగులూ వేసిన దండ చివరికి డబ్బాలోనే మిగులుతుంది.

ఇంకొక్క మాట, ఇది డబ్బుకు సంబంధించింది. పూసల రంగు బట్టీకీ బట్టీకీ, సరుకుకీ సరుకుకీ తేడా వస్తుంది. పేరు అదే, నంబరు అదే, పక్కన పెడితే ఒకటి కాస్త ముదురు. సగం దండ అయ్యాక పూసలు అయిపోతే ఆ తేడా అందరికీ కనిపిస్తుంది. అందుకని రంగులు తేలిన రోజే, మొదటి పూస గుచ్చకముందే, మీ పెద్ద రంగులో ఒక సరం ఎక్కువ కొని పెట్టుకోండి.